పన్ను కట్టినవారూ, కట్టనివారూ: జిల్లా కాగితాల్లో కుటుంబ చరిత్ర



కావలి సోదరుల స్మృతిలో మాట్లాడమన్నప్పుడు విషయం కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఏలూరు వారైన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కొలువులో ఉండి మన ఊళ్ల చరిత్రలను కాగితం మీదికి ఎక్కించినవారు. కరణాల ఇళ్లలోని దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు, చూసి, ఊరి పెద్దలను అడిగి, గుళ్లలోని శాసనాలు చదివించి గ్రామ కైఫియ్యతులు రాయించారు. బొర్రయ్య 1803లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండా కన్నుమూశారు. లక్ష్మయ్య ఆ పని అందుకుని 1821లో మెకంజీ మరణించేదాకా నడిపారు. మెకంజీ పోగుచేసినదంతా ఈస్టిండియా కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. మిగిలిన పని నేను చేస్తానని లక్ష్మయ్య 1830లలో ముందుకొస్తే, అంతటి పని ఆయన వల్ల కాదని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు తోసిపుచ్చారు. అప్పుడు ఆగిన పనిలో ఒక చిన్న భాగం గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. ఒక మామూలు కుటుంబం తన చరిత్రను జిల్లా కాగితాల్లో ఎలా వెతుక్కోవాలన్నది నా విషయం.

నేను చెప్పదలచిన మాట ఒక్కటే. ఈ కాగితాల్లో ఏ ఒక్కటీ మన తాతల్ని గుర్తుపెట్టుకోవడానికి రాసింది కాదు. శిస్తు వసూలుకో, మాన్యం నిజమా కాదా అని తేల్చడానికో, అప్పు పత్రానికి బలం చేకూర్చడానికో, తగాదా తీర్చడానికో రాసినవి. కాబట్టి “మావాళ్ల పేరు ఎక్కడుంది?” అని అడిగే ముందు “మావాళ్లతో సర్కారుకు ఎప్పుడు, ఏం పని పడింది?” అని అడగాలి. ఆ పని ఏమిటో చెప్పేది జిల్లా చరిత్ర. అది తెలియకుండా రికార్డు గదిలోకి వెళ్లినవారు దుమ్ము తుడుచుకుని బయటికి వస్తారు.

ఊరు కదలదు, జిల్లా కదులుతుంది

మొదట తేల్చుకోవలసింది ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లాలో ఉందన్నది. కావలి వారి ఏలూరునే తీసుకుందాం. 1859కి ముందు అది మచిలీపట్నం జిల్లాలోది. ఆ ఏడాది రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి గోదావరి, కృష్ణా అని రెండు చేసినప్పుడు ఏలూరు గోదావరిలోకి వెళ్లింది. దాని కలెక్టరు కాకినాడలో ఉండేవాడు. 1904లో గుంటూరు మళ్లీ విడి జిల్లా అయినప్పుడు ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం వైపు తాలూకాలు కృష్ణాలోకి మారాయి. 1925లో ఆ తాలూకాలతోనే పశ్చిమ గోదావరి ఏర్పడి ఏలూరు దానికి కేంద్రమయింది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు పేరుతోనే జిల్లా వచ్చింది. ఊరు అంగుళం జరగలేదు. జిల్లా పేరు మాత్రం నాలుగుసార్లు మారింది.

దీని ఫలితం పుస్తకాల్లో వెంటనే కనిపిస్తుంది. ఏలూరు సంగతులు తెలుసుకుందామని 1907లో హెమింగ్‌వే రాసిన గోదావరి గెజిటీరు తెరిస్తే దొరకవు, అప్పటికి ఆ తాలూకా కృష్ణాలో ఉంది. పోనీ అని గోర్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా మాన్యువల్ తీస్తే అందులోనూ ఉండవు, అప్పుడది గోదావరిలో ఉంది. చూడవలసింది హెన్రీ మోరిస్ 1878లో వేసిన గోదావరి జిల్లా పుస్తకం. పుస్తకాలకే ఇంత తిప్పలుంటే కాగితాల కట్టల సంగతి చెప్పేదేముంది! భద్రాచలం వైపు వారి దారి ఇంకా వంకర. ఆ ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లోది, ఆ తరవాత మద్రాసు వారి గోదావరి జిల్లాలోది, 1959 నుంచి ఖమ్మంలోది. 2014లో చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఒకే ఇంటి నాలుగు తరాల కాగితాలు నాగపూరు, మద్రాసు, హైదరాబాదు పాలనల కింద పుట్టి ఉండవచ్చు.

జిల్లా తరవాత కాలం లెక్క. పాత కాగితాల్లో శకం, ఫసలీ, సంవత్సరం పేరు, ఇంగ్లీషు తేదీ నాలుగూ కలగలిసి ఉంటాయి. శక సంవత్సరానికి 78 కలపాలి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది జూలైలో మొదలయ్యే లెక్క వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860–61. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే జాగ్రత్త, అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. అయినా ఆ పేర్లు మేలు చేస్తాయి. “మావాళ్లు ధాత కరువులో ఇటు వచ్చారు” అని ఒక ముసలావిడ అంటే అది 1876–78 నాటి కరువు. “నందన కరువు” అంటే 1832–33 నాటి డొక్కల కరువు, గుంటూరు సీమ సగం ఖాళీ అయిన కాలం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది కాబట్టి, ధాత నాటికి మెట్ట ప్రాంతాల వారికి డెల్టాలో పని, తిండి ఉన్నాయి. ఇంట్లో చెప్పుకునే వలస కథ ఇలా జిల్లా చరిత్రతో సరిపోతే, ఏ దశాబ్దపు కాగితాలు చూడాలో తేలుతుంది.

ఇనాం రిజిస్టరు

డెల్టా కుటుంబాలకు 19వ శతాబ్దంలో దొరికే గట్టి ఆధారం ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. జి.ఎన్.టేలర్ దానికి మొదటి కమిషనరు. ఊరూరా ఉన్న మాన్యాలు, అగ్రహారాలు, శ్రోత్రియాలు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉన్నాయి అని విచారించి, సరైనవాటికి టైటిల్ డీడు ఇవ్వడం వారి పని. పదేళ్లకు పైగా సాగిన ఆ పనిలో ప్రతి ఇనాముకూ ఒక వరస రాశారు. అందులో భూమి విస్తీర్ణం, ఇచ్చినవారు, పుచ్చుకున్న మొదటి మనిషి, పాత లెక్కల్లోని పేరు, అప్పటి అనుభవదారు, మొదటి గ్రహీతకు అతనేమవుతాడు, అతని వారసులెవరు అన్న గడులున్నాయి.

ఒక్క వరసలో మూడు నాలుగు తరాలు. 1861లో యాభై ఏళ్లని రాసిన మనిషి 1811 ప్రాంతంలో పుట్టాడు. అతని తాత పేరు పక్క గడిలో ఉంటే మనం 18వ శతాబ్దంలో అడుగుపెట్టినట్టే. వైదిక కుటుంబాలకే ఇది పనికొస్తుందనుకోవద్దు. మంగలి, చాకలి, కుమ్మరి, వడ్రంగి, కమ్మరి మాన్యాలు, వెట్టివారి, తలారి మాన్యాలు, ఆలయంలో సన్నాయి మేళానికీ భోగం మేళానికీ ఇచ్చిన మాన్యాలు అన్నీ విచారణకు వచ్చాయి. కరణం కుటుంబానికి వంశవృక్షం గోడ మీద వేలాడుతుంటుంది. చాకలి కుటుంబానికి ఈ రిజిస్టరులోని వరసే తొలి వంశవృక్షం కావచ్చు.

అయితే దీన్ని నమ్మే ముందు అవసరం ఎవరిదో చూడాలి. యాభై ఏళ్ల అనుభవం ఉంటే ఇనాం చెల్లుతుందన్నది కమిషన్ సూత్రం. వారసత్వం ఎంత బలంగా ఉందన్నదాన్ని బట్టి క్విట్‌రెంటు (ఇనాం భూమి మీద వేసే తక్కువ శిస్తు) లెక్క మారేది. అంటే తాతముత్తాతల నుంచీ మాదేనని చెప్పడంలో లాభం ఉంది. దత్తపుత్రుడు కన్నకొడుకుగా, అల్లుడు మనుమడుగా, అన్నదమ్ముల వాటాలు పెద్దన్న ఒక్కడి పేరుగా ఎక్కిన చోట్లు ఉంటాయని అనుకునే చదవాలి.

కైఫియ్యతులకూ ఇదే పరీక్ష. గుంటూరు సీమ కైఫియ్యతుల్లో ఒక సంగతి పదే పదే వస్తుంది: కాకతి గణపతిదేవుని ప్రధాని గోపరాజు రామన్న శాలివాహన శకం 1067లో నియోగులకు గ్రామ కరణీకాలు పంచాడని. ఎన్నో కుటుంబాలు తమ చరిత్రను అక్కడినుంచే మొదలుపెడతాయి. శకం 1067 అంటే క్రీస్తుశకం 1145. గణపతిదేవుడు రాజ్యానికొచ్చింది 1199లో. రెండూ ఒకచోట నిలవవు. అలాగని కైఫియ్యతును విసిరి పారేయనక్కర్లేదు. దండకవిలెలు రాసినవారు తమ మిరాశీకి ఏ రాజు పేరు, ఏ తేదీ బలమని నమ్మారో అది నిజంగానే చెబుతుంది. 12వ శతాబ్దపు తాతకు మాత్రం అది సాక్ష్యం కాదు.

సర్వే నంబరు పట్టుకుని

పేర్లను నమ్ముకుని వెనక్కి వెళ్లడం మన దగ్గర కష్టం. మనవడికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల వెంకటరామయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు వెంకటరామయ్య, అతని కొడుకు మళ్లీ సుబ్బయ్య. నాలుగు తరాలు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాయి. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది. ఒకే కులంలో ఒకే ఇంటిపేరున్నా గోత్రాలు వేరుగా ఉంటాయి. ఊరి పేరే ఇంటిపేరయితే, ఆ ఊరు వదిలిన ప్రతివారికీ అది అంటుకుని ఉండవచ్చు.

అందుకే అనుభవం ఉన్నవారు మనిషిని వదిలి భూమిని పట్టుకుంటారు. ఇంట్లో ఉన్న ఆఖరి దస్తావేజులోని సర్వే నంబరు తీసుకుని తాలూకా లెక్కల్లో వెనక్కి నడుస్తారు. రైతువారీ గ్రామమైతే అడంగల్, టెన్-వన్, వాటి వెనక రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు. ఆ రిజిస్టరును గోదావరి, కృష్ణా వైపు డైగ్లాట్ అంటారు. జమీందారీ గ్రామమైతే ఈ దారి మూసుకుపోతుంది. పిఠాపురం, నూజివీడు వంటి ఎస్టేటుల్లో పట్టా ఇచ్చినది జమీందారు; 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టం తరవాతే సర్కారు రైతు పేరు నేరుగా రాసుకుంది. ఆ ఊళ్లకు మొదటి సర్కారు లెక్క సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. అంతకు ముందు కావాలంటే ఎస్టేటు కచేరీ కాగితాలు, దావాల రికార్డులు చూడాలి. పిఠాపురం వంటి సంస్థానాల వారసత్వ తగాదాలు లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లాయి. అన్నదమ్ముల దావాల్లో వంశవృక్షం జతపరచడం ఆనవాయితీ. దాని మీద ఎదుటి పక్షం వకీలు అడ్డప్రశ్నలు వేసి ఉంటాడు కాబట్టి, గోడ మీది వంశవృక్షం కన్నా దానికి విలువెక్కువ.

తరవాతిది సబ్-రిజిస్ట్రారు ఆఫీసు. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. వాటికి పేర్ల సూచిక, ఆస్తుల సూచిక వేరువేరుగా ఉంటాయి. ఈసీ (ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం) తీయించేవారు తమకు కావలసిన వరస చూసుకుని వెళ్లిపోతారు. చరిత్ర కోసం వెళ్లినవారు హద్దులు చదవాలి. తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పంట బోదె, పడమర పంచుకున్న అన్న వాటా, ఉత్తరం డొంక. ఆ పడమర హద్దులో అన్న పేరు దొరుకుతుంది, ముప్ఫై ఏళ్ల తరవాతి దస్తావేజులో అదే హద్దులో అన్న కొడుకులు దొరుకుతారు. ఒకే గట్టు నాలుగు దస్తావేజుల్లో మారుతూ పోతే ఒక కుటుంబం విడిపోయిన వరస అంతా బయటపడుతుంది. తాకట్టు పత్రాలను చిన్నచూపు చూడకండి. మెరక పొలం తాకట్టు పెట్టి కూతురి పెళ్లి చేసినవాడి సంగతి ఏ వంశ చరిత్రలోనూ ఉండదు, తాకట్టు పత్రంలో ఉంటుంది.

ఆడవాళ్లు ఎక్కడున్నారు?

మన వంశవృక్షాల్లో తల్లులుండరు. ఉన్నా “భార్య” అన్న మాట తప్ప పేరుండదు. కాగితాల్లో మాత్రం వాళ్లున్నారు, కానీ శిస్తు లెక్కల్లో కాదు. పసుపు కుంకుమ కింద అరెకరమో ఎకరమో రాసిచ్చిన దాన పత్రాల్లో పుట్టింటి వారి పేర్లతో సహా ఉన్నారు. మనోవర్తి దస్తావేజుల్లో ఉన్నారు, దత్తత పత్రాల్లో ఉన్నారు. భర్త చనిపోయాక మరుదులతో దావా వేసిన విధవల అర్జీల్లో నోరు విప్పి మాట్లాడుతూ ఉన్నారు.

చట్టం మారినప్పుడల్లా వాళ్లు కనిపించే తీరు మారింది. 1937 నాటి చట్టంతో విధవకు భర్త వాటాలో జీవితకాలపు హక్కు వచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో ఆ హక్కు సంపూర్ణమయింది, కూతురూ వారసురాలయింది. 1985 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఈ మూడు గీతల తరవాత పేర్లు ఎలా మారాయో, హక్కు విడుదల పత్రాలు ఎన్ని పుట్టాయో ఒక ఊరి సూచిక తిరగేస్తే తెలుస్తుంది. “నాకు రావలసింది ముట్టింది” అని ఆడపడుచులు వేలిముద్ర వేసిన కాగితాలూ కుటుంబ చరిత్రే. అవి చదివినప్పుడు కొన్ని ఇళ్లలో మౌనం కమ్ముకుంటుంది, దానికి సిద్ధపడే చదవాలి.

భూమి లేనివారు

ఇప్పటిదాకా చెప్పిందంతా పన్ను కట్టినవారి సంగతి. భూమి లేనివారు, పాలేర్లు, కూలీలు, కౌలుదార్లు శిస్తు లెక్కల్లోకి రారు. మొన్నటిదాకా మన జిల్లా చరిత్రలు వీరిని లెక్కపెట్టలేదంటే కారణం రాసినవారి చిన్నచూపు ఒక్కటే కాదు, చూసిన కట్టలూ కారణం. వేరే కట్టలు చూడాలి.

1899 నాటి మద్రాసు చట్టం తరవాత జనన మరణాలు గ్రామ మునసబు రాసేవాడు. పుట్టుకల వరసల్లో బిడ్డ పేరు తరచుగా ఉండదు, మగ, ఆడ అని ఉంటుంది. తండ్రి పేరు, కులం, పల్లె మాత్రం ఉంటాయి. భూమి లేని కుటుంబానికి ఊళ్లో దొరికే సర్కారు ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబాలకు బాప్తిస్మ రిజిస్టర్లున్నాయి. 1836లో బౌడెన్, బీర్ దంపతులు వచ్చి నరసాపురం వైపు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ మొదలుకుని, లూథరన్, కాథలిక్ సంఘాల దాకా ఎక్కడి పుస్తకాలు అక్కడున్నాయి. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే ఉన్న వరస దొరికితే రెండు కాలాల మధ్య వంతెన దొరికినట్టు. ఎలిమెంటరీ స్కూళ్ల అడ్మిషన్ రిజిస్టర్లలో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. బంజరు పంచిన డి-పట్టాల ఫైళ్లున్నాయి.

నోటి చరిత్ర ఉండనే ఉంది. కాపు, రెడ్డి కుటుంబాల గోత్రాలు చెప్పే పిచ్చిగుంట్లవారు, పద్మశాలీల పురాణం పటం చూపి చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఏ సర్కారూ నియమించని రికార్డు కీపర్లు. వాళ్లు చెప్పేదాన్నీ కైఫియ్యతును చదివినట్టే తూచి వినాలి. అయితే ముందు వినాలి.

భూమి లేనివారి పేర్లు అందరికన్నా వివరంగా రాసి ఉన్నది మన జిల్లాలో కాదు, సముద్రం అవతల. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు 1,52,184 మంది వెళ్లారు. వాళ్లలో గోదావరి, విశాఖపట్నం, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు చాలామంది. ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉన్నాయి. మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులతోపాటు వచ్చినవారి ఫోటోలూ ఉన్నాయి. అప్పట్లో ఏ కలెక్టరూ ఇక్కడి పాలేరు ఫోటో తీయించలేదు. అక్కడ తీశారు, పారిపోతే పట్టుకోవడానికి. పని ఎలాంటిదో కాగితమూ అలాంటిదే అని చెప్పడానికి ఇంతకన్నా కఠినమైన ఉదాహరణ నాకు తెలియదు.

డర్బన్ నుంచి ఆ జాబితా పట్టుకుని వచ్చే మనవలకు మన సాయం కావాలి. నేటాలులో చాలామంది ఇంటిపేర్లు పోయి నాయుడు మిగిలింది. ఊరి పేరు ఇంగ్లీషు గుమస్తా చెవికి వినిపించినట్టు ఉంది. అది ఏ ఊరో తేల్చగలిగింది 1880ల నాటి తాలూకాల గ్రామ జాబితా, దాన్ని చదవగల స్థానికుడు. నిజాంసాగర్ కింద వర్ని, బోధన్ వైపు, తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు క్యాంపులకు వెళ్లిన డెల్టా కుటుంబాలకూ పాత కాగితాలు ఇక్కడే ఉన్నాయి. ఒక జిల్లా రికార్డు ఆ జిల్లాలో ఉన్నవారిది మాత్రమే కాదు.

ఏం మిగిలింది, ఏం చేయాలి

ఇంగ్లండులో నూరేళ్లు దాటిన జనాభా లెక్కల ఇంటింటి కాగితాలు ప్రజలు చూడవచ్చు. మనకా సౌకర్యం లేదు. 1871 నుంచి లెక్కలు జరుగుతున్నా మనకు అందింది సంఖ్యలే, పేర్లు కావు. 1948 నాటి సెన్సస్ చట్టం ఆ కాగితాలను ఎవరికీ చూపనివ్వదు. కాబట్టి ఉన్న కాగితాలను కాపాడుకోవడం మనకు మరీ అవసరం.

1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. వంశపారంపర్య అధికారం పోవడం న్యాయమే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ మార్పులో ఊరి కాగితాలు చేతులు మారాయి. కొన్ని మండలాఫీసు అటకెక్కాయి, కొన్ని మాజీ కరణాల ఇళ్లలో ఉండిపోయాయి, కొన్ని తూకానికి వెళ్లాయి. పైస్థాయి కట్టలు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో, కలెక్టరాఫీసు రికార్డు గదుల్లో ఉన్నాయి. 2022లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి కాబట్టి ఏ గది కాగితం ఏ గదికి చేరిందో ఇప్పుడే రాసిపెట్టకపోతే, ఇరవై ఏళ్ల తరవాత చెప్పేవారుండరు.

విద్యార్థులకు మూడు పనులు చెబుతాను. మొదటిది, ప్రతి చరిత్ర శాఖా తన చుట్టుపక్కల పది ఊళ్లకు ఒక్కో పేజీ తయారుచేయాలి: ఆ ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లా, ఏ తాలూకా, జమీందారీయా, రైతువారీయా, ఇనామా, ఏ కాగితం ఏ ఆఫీసులో ఉంది. కుటుంబ చరిత్ర వెతికేవారికి అసలు లేనిది ఈ పేజీయే. రెండోది, వందేళ్లు దాటిన స్కూళ్ల అడ్మిషన్ రిజిస్టర్లు, చర్చి పుస్తకాలు వాటి యజమానుల అనుమతితో ఫోటో తీసి భద్రపరచాలి. బతికున్నవారి వివరాలు బయటపెట్టకూడదు. మూడోది, ఇంట్లో ఉన్న దస్తావేజుల్లోని ఆడవాళ్ల పేర్లన్నీ విడిగా రాయాలి. అక్కడితో మీ వంశవృక్షం రెండింతలవుతుంది, మీ కులం గురించి, ఊరి గురించి మీకున్న గర్వం బహుశా సగమవుతుంది. రెండూ మంచివే.

అర్హత లేదని లక్ష్మయ్యను పక్కనపెట్టినవారి దగ్గర లేనిది ఆయన దగ్గర ఒకటుంది. ఆయనకు ఊళ్లు తెలుసు, ఊళ్లలో మనుషులు తెలుసు, వాళ్ల భాష తెలుసు. ఈ హాలులో ఉన్న ప్రతి విద్యార్థికీ కనీసం ఒక ఊరి విషయంలో ఆ అర్హత ఉంది. ఆ ఊరి పేజీతో మొదలుపెట్టండి.